అటు తిరిగి పడుకునే మనిషి

నాకు, అన్నాడు, అక్కడితో సరి, ఆ నాకు తర్వాత రావలసిన మాటని గంట మింగేసింది, నిన్న సాయంత్రం మోగిన గంట ఇప్పుడు పొద్దున్నే రొట్టె మీద వెన్న రాసుకుంటుంటే కూడా ఆమె తలలో మోగుతూనే ఉంది, నీకో మాట చెప్పాలి, పెళ్లికి ముందే చెప్పవలసింది, నాకు, ఠంగ్, ఎవరైనా మాటని అలా గాల్లో వదిలేస్తారా, అతను వదిలేస్తాడు, గంట మోగితే మౌనమంటే మౌనమే, పెదాలు మూసుకుని, చేతిలోని సంచీ ఆమె చేతిలో పెట్టి, ఏం చేయను చెప్పు అన్నట్టు కనుబొమలు ఎగరేసి, మగవాళ్ల గదుల వైపు వెళ్లిపోయాడు, ఆమె ఆడవాళ్ల గదుల వైపు నడుస్తూ, నాకు ఏమిటండీ, నాకు ఏమిటి, అని లోపల్లోపల కేకలు పెడుతూనే ఉంది, మళ్లీ గంట మోగేది ఈ సాయంత్రం, అప్పటిదాకా ఈ ధ్యాన గృహంలో ఎవరూ ఎవరితోనూ ఒక్క మాటా అనకూడదు, చీటీలు రాసుకోకూడదు, సైగలు కూడా తగ్గించుకుంటే మంచిదని టీచరమ్మ ముందే చెప్పింది, టీచరమ్మ అంటే ఈ ఇంటిని నడిపే పెద్దావిడ, ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పింది కాబట్టి జుట్టంతా తెల్లబడ్డా అందరికీ టీచరమ్మే, ఏడాది పొడుగునా మనమే మాట్లాడాం కదమ్మా, ఈ ఒక్క రోజు ప్రభువుకి వంతు ఇద్దాం అంది, ఆ మాటకి అతను ఆమె వైపు చూసి నవ్వాడా, నవ్వినట్టే ఉంది, ఎందుకు నవ్వాడు.

రేడియోని తీసుకెళ్లి మౌనంలో కూర్చోబెడతారా అల్లుడుగారూ, బ్యాటరీలు తీసి పంపించమంటారా, అన్నాడు నాన్న, వీళ్లిద్దరూ బయల్దేరే ముందు, ఫోన్లో, రేడియో అంటే పుట్టింట్లో ఆమే, మాటలొచ్చిన రోజు మొదలుపెట్టింది ఇంతవరకూ ఆపలేదని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది, అతను ఫోన్ పట్టుకుని మర్యాదగా నవ్వాడు గానీ, లేదండీ, మా ఇంట్లో రేడియో మోగాలండీ, అని ఒక్క ముక్క అనలేదు, అంటే ఏం పోయింది, ప్రతి ఏడాదీ ఇక్కడికొచ్చి నోరు మూసుకుని కూర్చోవడం అతనికి పెళ్లికి ముందు నుంచీ అలవాటు, ఈసారి నువ్వూ వస్తావా అని అడిగితే ఎగిరి గంతేసింది, కొత్త చెప్పులు కొనుక్కుంది, ఇద్దరి బట్టలూ ఒకే సంచీలో సర్దుతూ అతని చొక్కా చేయి ఆమె చున్నీ మీద వాలిపోయి ఉండటం చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయింది, చూశారా, మన సంచీకి కూడా పెళ్లయిపోయింది అంది, అతను బూట్ల లేసు కట్టుకుంటున్నాడు, తల ఎత్తలేదు, పోనీలే, ఇక్కడికొచ్చాక తెలిసింది ఆ పెళ్లి సంగతి, ఆడవాళ్లకో వైపు మగవాళ్లకో వైపు గదులని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు, ఏటేటా వచ్చే మనిషికి కూడా తోచలేదు, సంచీ ఆమెకిచ్చి వెళ్లిపోయాడు, రాత్రి గదిలో సంచీ విప్పితే అతని చొక్కాలూ, లుంగీ, గడ్డం గీసుకునే సామానూ, పళ్లు తోముకునే బ్రష్షూ అన్నీ ఆమెని చూసి నవ్వాయి, ఇదిగో పొద్దున్న ఫలహారానికి వచ్చిన మనిషి నిన్నటి చొక్కాతో, నలిగిపోయి, గడ్డం మాసిపోయి, బల్లకి అవతలి వైపు ఉడికించిన గుడ్డుని అంత భక్తిగా ఒలుస్తున్నాడు, ఆమెకి నవ్వు పొంగుకొస్తోంది, ఇస్త్రీ చొక్కా, బ్రష్షూ కలిపి తువ్వాలులో చుట్టి తెచ్చి ఎవరూ రాకముందే అతని కుర్చీలో పెట్టింది, దాన్ని అతను పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, కళ్లలో థాంక్స్ ఉంది, ఆ కళ్లు చూస్తే ఆమెకి లోకంలో ఏ బాధా లేనట్టే ఉంటుంది, మళ్లీ ఆ నాకు గుర్తొస్తుంది.

నాకు అప్పులున్నాయి, కాదు, కళ్లజోళ్ల దుకాణంలో ప్రతి చిన్న స్క్రూకీ లెక్క చూసుకునే మనిషికి అప్పులేమిటి, నాకు ఇంతకుముందు ఒకమ్మాయి అంటే, అబ్బే, అతని మొహానికా, అలా అయితే అత్తయ్యే పెళ్లిచూపుల్లో చెప్పేసి ఉండేది, అత్తయ్య కడుపులో ఏమీ దాగదు, మరి నాకు తర్వాత ఏమొస్తుంది, ఒక్కటే వస్తుంది, ఆమెకి తెలుసు, నిన్న రాత్రి నుంచీ తెలుసు, అసలు నెల నుంచీ తెలుసు, నాకు ఎక్కువ మాట్లాడేవాళ్లతో పడదు, నాకు కాస్త నిశ్శబ్దం కావాలి, నీ మాటలు కాస్త తగ్గించుకుంటావా, అంతే, అదే, మెత్తగా చెబుతాడు, అతనికి మెత్తగా తప్ప చెప్పడం రాదు, అందుకే ఇంత దూరం తీసుకొచ్చాడు, ఇక్కడి నిశ్శబ్దం ఎంత బాగుందో చూశావా అని ముందు చూపించి తర్వాత చెబుదామని, ఆమె ఏమీ తక్కువ తినలేదు, లెక్కలన్నీ వేసుకుంది, పెళ్లిలో పాస్టరుగారి ప్రసంగం సాగుతూ సాగుతూ ఉంటే అతని ఎడమపక్కన నిలబడి, పెదాలు కదలకుండా, బండి ఆలస్యంగా నడుస్తోందండీ, ఇంకా చాలా స్టేషన్లున్నాయి అని గుసగుసగా చెప్పింది, ఎంత మంచి జోకు, స్టేషన్లో అనౌన్సరుగా పనిచేసే పెళ్లికూతురు తన పెళ్లిలో తానే వేసిన జోకు, అతను రాయిలా నిలబడ్డాడు, పెదవి కొస కూడా కదల్లేదు, ఆమె మొహం మాడిపోయింది, అంతలోనే ప్రమాణాలు, ఆమె చెప్పే వంతు వచ్చేసరికి ఆ రాయే నిలువునా ఆమె వైపు తిరిగిపోయి, పాస్టరుగారిని కూడా వదిలేసి, ఆమె పెదాలే చూస్తూ నిలబడిపోయాడు, ఆ ఫోటో చూసి పిన్ని కూతుళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు, బావగారికి అంత తొందరేమిటే అని, మరి ఏది నిజం, రాయి నిజమా, ఆ తిరగడం నిజమా.

స్టేషన్లో ఆమె కూర్చునేది పైన అద్దాల గదిలో, అక్కణ్ణుంచి చూస్తే కింద ప్లాట్‌ఫారం నిండా వీపులు, అందరూ బండి వచ్చే వైపే చూస్తుంటారు, దయచేసి వినండి అని ఆమె మైకులో మొదలుపెడుతుంది, ఏ బండి ఎక్కడికి వస్తోందో గొంతు తేనెలో ముంచి మరీ చెబుతుంది, చెప్పి ముగించీ ముగించకుండానే ఎవరో ఒకరు మెట్లెక్కి వచ్చి అద్దం మీద వేలితో కొట్టి, అమ్మా ఆ బండి ఎక్కడికొస్తుంది అంటారు, ఇప్పుడే కదండీ చెప్పాను అంటే, నువ్వు చెబుతున్నావా, ఎవరో వాగుతుంటే పట్టించుకోలేదమ్మా అంటారు, వీపులతో మాట్లాడటం ఆమె ఉద్యోగం, దానికి జీతమిస్తారు, కానీ ఇంట్లో, రాత్రి భోజనాలయ్యాక, దీపం ఆర్పాక, కిటికీ పక్కన పడుకుని ఆ రోజు కబుర్లన్నీ మొదలుపెడితే, అక్కడ కూడా వీపే, అతను మొదట్లో ఇటు తిరిగి పడుకునేవాడు, కాసేపు అలా చూసి, కిటికీ పక్క నాకివ్వవూ అని అడిగాడు, ఎందుకు అంటే ఊరికే అన్నాడు, ఊరికే అయితే కిటికీ నాదే, పుట్టింట్లో తమ్ముడితో కొట్లాడినా దక్కని కిటికీ, మొగుడి దగ్గర గెలుచుకున్నాను, ఇవ్వను, అని దుప్పటి లాక్కుంది, ఇంకోసారి అడిగాడు, ఇంకోసారి ఇవ్వనంది, ఆ తర్వాత అడగడం మానేసి అటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు, ఆమె కబుర్లు మొదలుపెట్టగానే నెమ్మదిగా అటు తిరుగుతాడు, తలుపు వేసుకున్నట్టు, అటు నుంచి ఊఁ వస్తుంది, ఇంకో ఊఁ వస్తుంది, అప్పుడప్పుడూ భుజాలు కదులుతాయి, దగ్గో, దుప్పటి సర్దుకోవడమో, ఆమె మాత్రం ఆ వీపుకే అన్నీ చెబుతుంది, ఏం చేస్తుంది, నోట్లో మాట నిలవదు, చెప్పి చెప్పి నిద్రపోతుంది, పొద్దున్న లేచాక గుండెలో ఎక్కడో చిన్న ముల్లు కదులుతుంది, రోజంతా కళ్లజోళ్లు బిగించి అలిసిపోతాడు పాపం అని తనే ఆ ముల్లుకి నచ్చజెబుతుంది.

చిన్న చాపెల్, తెల్లగోడలు, ముందు ఒక చెక్క సిలువ, ఒక దీపం, అంతే, టీచరమ్మ లేచి నిలబడి ఇవాళ ధ్యానానికి వాక్యమేదీ ఇవ్వట్లేదు, ఒక ప్రశ్న ఇస్తున్నాను, నీ మాట వినేది ఎవరు, అని చెప్పి కూర్చుంది, మౌనంలో వినబడిన ఆ నాలుగు మాటలూ ఆమె గుండెలో గులకరాళ్లలా పడ్డాయి, చుట్టూ అందరూ కళ్లు మూసుకున్నారు, వాళ్లందరికీ జవాబు తెలుసు, దేవుడే కదా, అది చెప్పడానికే కదా ఇంత దూరం వచ్చింది, ఆమె కూడా కళ్లు మూసుకుని ప్రభువా అని మొదలుపెట్టింది, మొదలుపెట్టగానే అలవాటైన గొంతు వచ్చేసింది, ప్రభువా దయచేసి వినండి, ఛ, ఇదేమిటి, దేవుడికి కూడా అనౌన్స్‌మెంటే, చిన్నప్పటి నుంచీ అంతే, మోకాళ్ల మీద కూర్చుని తమ్ముడి జ్వరం దగ్గర్నుంచి కొత్త చెప్పులు కరుస్తున్నాయన్న దాకా అన్నీ చెప్పేసి, ఆమెన్ అని లేచిపోతుంది, ఆయన ఏమన్నాడో ఎప్పుడైనా ఆగి విన్నదా, లేదు, ఒక్కోసారి ప్రార్థన చేస్తుంటే ఆయన కూడా అటు తిరిగి ఉన్నట్టే అనిపిస్తుంది, విశాలమైన వీపు, ఊఁ కూడా రాని వీపు, ఆ ఆలోచనకి తనే ఉలిక్కిపడి కళ్లు తెరిచింది, నడవాకి అవతల అతను, ఇస్త్రీ చొక్కాలో, తల కాస్త పక్కకి వంచి కూర్చున్నాడు, ఎప్పుడూ అలాగే వంచుతాడు, ఏదో దూరపు పాట వింటున్నట్టు, ఆ వంపు చూసే కదా ఆమె పెళ్లికి ఒప్పుకుంది, ఆ మెడ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది, దాని సంగతి ఈ చాపెల్‌లో తనకొక్కదానికే తెలుసు, దేవుడికీ తెలుసనుకో, ఎంత సంతోషమేసిందో, ప్రభువా, ఈయన నా మాటలతో విసిగిపోతే నేను తట్టుకోలేను, కావాలంటే తగ్గించుకుంటాను, సగానికి తగ్గించుకుంటాను, సగం మరీ ఎక్కువేమో, కొంచెం తగ్గించుకుంటాను, అని బేరమాడుతూ ఉండగానే ధ్యానం అయిపోయింది.

బల్ల దగ్గర ఇక్కడో పద్ధతుంది, ఉప్పు ఇటివ్వండి అని అడగడానికి లేదు కాబట్టి ఎవరి పళ్లెం వాళ్లు చూసుకోకూడదు, పక్కవాళ్ల పళ్లెం చూడాలి, వాళ్లకేం కావాలో మనమే కనిపెట్టి అందించాలి, అడగకుండా ఎవరూ ఇవ్వకపోతే ఆకలితోనే లేవాలి, మధ్యాహ్నం ఆమెకి అతని ఎడమపక్క కుర్చీ దొరికింది, పెళ్లిలో నిలబడ్డ వైపే, సూపు గిన్నెలు వచ్చాయి, స్పూన్ల చప్పుడు, నమలడం చప్పుడు, ఇన్ని చప్పుళ్లు ఉంటాయా తిండిలో, తను మాట్లాడుతూ తింటుంది కాబట్టి ఇన్నాళ్లూ ఒక్కటీ వినలేదు, ఆమెకి ఎడమవైపు చివర కూర్చున్న ముసలాయన చేతిలోంచి స్పూను జారి గచ్చు మీద ఖణేలుమని పడింది, అందరి తలలూ అటు తిరిగాయి, అతని తల మాత్రం కుడివైపుకి, తలుపు వైపు తిరిగింది, తలుపులో ఎవరూ లేరు, కాసేపు ఖాళీ తలుపుని చూసి, అందరూ ఎటు చూస్తున్నారో చూసి, అప్పుడు ముసలాయన వైపు తిరిగాడు, ఆమెకి నవ్వాగలేదు, సూపు గిన్నెలో మొహం పెట్టేసుకుంది, ఈయన ఏ లోకంలో ఉన్నాడో, దేవుడు తలుపు తీసుకుని వచ్చాడనుకున్నాడు కాబోలు, అనుకుంటూ తలెత్తేసరికి ఆమె పళ్లెంలో రొట్టె చివరి ముక్క ఉంది, గట్టిగా, ఎర్రగా కాలిన కొస, ఆ కొస కోసమే తమ్ముడితో జుట్లు పట్టుకునేది, అతను రొట్టెల బుట్టంతా వెతికి, రెండో రొట్టె నుంచి కూడా కొస తీసి ఆమె పళ్లెంలో పెడుతున్నాడు, ఇదెలా తెలుసు, తను చెప్పిందా, చెప్పింది, ఎప్పుడు, మొన్నో అటు మొన్నో, రాత్రి, వీపుకి, ఆమె చేయి రొట్టె మీదే ఆగిపోయింది, వీపుకి చెప్పిన సంగతి పళ్లెంలోకి ఎలా వచ్చింది.

తోటలో ఎండ మెత్తగా ఉంది, భోజనాలయ్యాక మాటలు లేకుండా నడవొచ్చు, కూర్చోవచ్చు, నిద్ర తప్ప ఏదైనా చేయొచ్చు, బెంచీ మీద అతను కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చుంది, కూర్చోగానే అతను లేచి, బెంచీ చుట్టూ తిరిగి వచ్చి, ఆమెకి అవతలి పక్క కూర్చున్నాడు, ఎండ పడుతోందేమోననుకుంది, ఎండ ఇటే ఉంది, నీడ వదిలి ఎండలోకొచ్చాడు, ఇదేం పిచ్చి, ఆమె లేచి మళ్లీ మొదటి వైపుకి వెళ్లింది, అతను కాసేపు ఓపిక పట్టి, కాళ్లు చాచి, ఒళ్లు విరుచుకుని, ఏదో పని ఉన్నట్టు లేచి మళ్లీ తిరిగి వచ్చి అటే కూర్చున్నాడు, వంటావిడ వంటింటి గడపలో బఠాణీలు ఒలుస్తూ ఈ కుర్చీలాట చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది, పైన కొమ్మలో పిట్ట ఒకటి కిచకిచమని గొడవ మొదలుపెట్టింది, తోటలో అందరూ ఆ కొమ్మ వైపు చూశారు, అతను కంచె వైపు చూశాడు, శ్రద్ధగా, కళ్లు చిట్లించి, కంచె మీద పిట్ట కోసం వెతుకుతున్నాడు, ఆమె నవ్వబోయింది, నవ్వలేదు, ఖాళీ తలుపు గుర్తొచ్చింది, స్పూను ఇటు పడితే అటు చూశాడు, పిట్ట ఇటు కూస్తే అటు చూస్తున్నాడు, ప్రభువా క్షమించు, ఒక్కటే మాట, ఎవరికీ వినపడకుండా అంటాను, అని లేచి, నెమ్మదిగా బెంచీ వెనక నుంచి వచ్చి, అతని ఎడమ భుజం పక్కన వంగి, పెళ్లిలో జోకు చెప్పినంత గుసగుసగా, మీరంటే నాకు ప్రాణమండీ అంది, అతను కదల్లేదు, రొట్టె ముక్కొకటి మోసుకుపోతున్న చీమల బారుని చూస్తున్నాడు, రాయి కాదు, కోపం లేదు, విసుగు లేదు, చీమల్ని చూసి చిన్నగా మురిసిపోతున్న మనిషి, అంతే, అసలా మాట అతని దాకా రానే లేదు, ఆమె వెనక నుంచే ఇటు తిరిగి, కుడి భుజం దగ్గర వంగి, అదే మాట, ఇంకా చిన్నగా, ఊపిరంత చిన్నగా, అంది, అతని చెవి తమ్మె నుంచి మెడ దాకా ఎర్రబడిపోయింది, పుట్టుమచ్చ కూడా ఎర్రబడిందేమో, గబుక్కున అటూ ఇటూ చూసి, టీచరమ్మ లేదని నిర్ధారణ చేసుకుని, వేలు పెదాల మీద పెట్టి, ష్ అన్నట్టు కళ్లతోనే గదమాయించాడు, ఆ కళ్ల నిండా నవ్వే.

నాకు ఎడమ చెవి వినపడదు, అదీ మాట, గంట మింగేసిన మాట అదీ, ఆమె బెంచీ మీద కూలబడింది, ఈసారి కుడివైపున, అతను హాయిగా ఊపిరి తీసుకుని ఇక లేవలేదు, ఆమె తలలో మాత్రం దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలుగుతున్నాయి, పెళ్లిచూపుల్లో వచ్చి కూర్చుని మళ్లీ లేచి కుర్చీ ఇటు లాక్కుంటే, కుర్చీ కాళ్లు బాగాలేవా బాబూ అంది అమ్మ, బాగున్నాయండీ అని ఆమెకి ఎడమవైపు వచ్చి కూర్చున్నాడు, వంటింట్లో ఆమె పొయ్యి దగ్గర మాట్లాడుతుంటే ఫ్రిజ్జుకీ గోడకీ మధ్య ఇరుక్కుని నిలబడతాడు, ఇంత చోటుండగా ఆ సందులో ఏం పనండీ, చల్లగా ఉంటుందా అని ఎన్నిసార్లు ఏడిపించింది, అక్కడ నిలబడితేనే కుడి చెవి పొయ్యి వైపుంటుంది, రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఇటు మారిపోతాడు, బండ్ల నుంచి తనని కాపాడుతున్నాడనుకుని మురిసిపోయింది, బండ్లు రాని సందులో కూడా మారతాడు కదా, తోచలేదు, ప్రమాణాలప్పుడు నిలువునా తిరిగిపోయింది తొందరపడి కాదు, ఆమె ఔనంటోందో కాదంటోందో ఆ ఒక్క మాట పోగొట్టుకోకూడదని, అత్తయ్య అయితే మొదటి రోజే చెప్పింది, వాడికేదైనా చెప్పాలంటే ఎదురుగా నిలబడి చెప్పమ్మా, పక్కనుంచి చెబితే వాడికెక్కదు అని, మొగుణ్ణి దారిలో పెట్టుకునే ఉపాయం చెబుతోందనుకుని నవ్వేసింది, మరి ఇతను ఎందుకు చెప్పలేదు, చెప్పబోయాడు, ఒక రోజు అన్నం దగ్గర, నీకో మాట చెప్పాలి అన్నాడు, ఆగండాగండి, ముందు నాది వినండి, ఇవాళ స్టేషన్లో ఏమైందో తెలుసా అంది, ఇంకో రోజు, ఇంకో స్టేషన్ కబురు, గంట నిన్న ఒక్కసారే అడ్డొచ్చింది, ఆమె రోజూ అడ్డొచ్చింది, పాపం, పిచ్చి మహారాజు, సందులో ఇరుక్కుని మరీ విన్నాడు, అనుకుని మురిసేలోపే ఇంకో ఆలోచన వచ్చి చల్లగా తగిలింది, అయితే రాత్రులు, సగం చెవితో, అటు తిరిగి, అన్ని రాత్రుల కబుర్లూ ఎటు పోయాయి, తమ్ముడూ, రొట్టె కొసలూ, అద్దం మీద వేలితో కొట్టే ముసలావిడలూ, మొదటిసారి మైకు ముందు గొంతు ఎండిపోయిన సంగతీ, అన్నీ గోడకేనా, కానీ రొట్టె కొస పళ్లెంలోకి వచ్చింది, ఎలా వచ్చింది.

సాయంత్రం గంట మోగగానే ధ్యాన గృహమంతా ఒక్కసారిగా కుండలో నీళ్లు మరిగినట్టు మాటలు, ముసలాయన స్పూను సంగతి తనే చెప్పుకుని నవ్వుతున్నాడు, వంటావిడ ఆమెని చూసి, కుర్చీలాటలో ఎవరు గెలిచారమ్మా అంటోంది, అతను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు, తువ్వాలు మూట చేతిలో, పరీక్ష రాయబోయే పిల్లాడిలా, ఆమె వెళ్లి కుడివైపు నిలబడింది, నాకు, అని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు, ఆమె నాలుక చివరిదాకా తెలుసు అన్న మాట వచ్చేసింది, తెలుసండీ, నాకు తెలిసిపోయింది, ఎలా తెలిసిందో చెప్పనా, పళ్లు బిగించి ఆపింది, పుట్టాక మొదటిసారి ఒక మాటని లోపలే ఆపింది, నాకు ఎడమ చెవి వినపడదు, చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయింది, అమ్మ చెప్పిందనుకున్నాను, అమ్మేమో నేను చెప్పాననుకుందట, ఇద్దరం నీకు తెలుసనే అనుకున్నాం, తీరా తెలియదని అర్థమయ్యాక ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు, ప్రతిసారీ చెబుదామనుకోవడం, నువ్వేదో చెబుతుంటావు, అది బాగుంటుంది, అందులో పడిపోయి నాది మర్చిపోతాను, నువ్వు మోసపోయాననుకుంటావేమోనని, కోపమొచ్చిందా, అన్నాడు, తల పక్కకి వంచి, జవాబు కోసం మొత్తం మొహాన్ని చెవి చేసుకుని, వచ్చింది, చాలా వచ్చింది అంది ఆమె, మన పెళ్లిలో నేనో జోకు వేశాను, మీ ఎడమవైపు నిలబడి, అంత మంచి జోకు గాల్లో కలిసిపోయింది, ఏమిటది, బండి ఆలస్యంగా నడుస్తోందండీ, ఇంకా చాలా స్టేషన్లున్నాయి, పాస్టరుగారి ప్రసంగం గురించి, అతను ప్రసంగమంతా గుర్తు తెచ్చుకుని, నవ్వడం మొదలుపెట్టాడు, శబ్దం లేదు, అతను గట్టిగా నవ్వడు, మొహం అటు తిప్పేసుకుని, గోడకి చేయి ఆనించి, భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు, ఆ భుజాలు, ఆమె ఆ వీపుని చూస్తూ అలాగే నిలబడిపోయింది, ఈ కదలిక తనకి తెలుసు, చీకట్లో దుప్పటి సర్దుకోవడం అనుకున్నది, దగ్గు అనుకున్నది, స్టేషన్లో ముసలావిడ ఎవరో వాగుతుంటే అందని చెప్పిన రాత్రి కదిలిన భుజాలు ఇవే, తమ్ముడి జుట్టు రొట్టెలో దొరికిన కథ చెప్పిన రాత్రి కదిలినవీ ఇవే, అన్ని రాత్రులూ నవ్వాడన్నమాట, అన్నీ విన్నాడన్నమాట, సగం చెవితో ఎలా విన్నాడు, ఎలాగంటే, కిటికీ పక్క తనది, అతని కుడివైపు తను, ఇటు తిరిగి పడుకుంటే వినే చెవి దిండు కింద నలిగిపోతుంది, అందుకే కిటికీ అడిగాడు, ఇవ్వనంది, అప్పుడేం చేశాడు, ఇవాళ్టి నుంచి కిటికీ ఇచ్చేయాలి, మొహం చూస్తూ చెప్పుకోవచ్చు, ఇచ్చేస్తుంది, కానీ ఇన్నాళ్లూ అతను తలుపు వేసుకున్నాడని తను అనుకున్నది, టీచరమ్మ ప్రశ్నకి జవాబు దొరక్క వెతుక్కున్నది, పొద్దున్న చాపెల్‌లో ఆ ఇంకో వీపుని, దేవుడి వీపుని, తలుచుకుని భయపడ్డది కూడానేమో, తలుపు కాదు, ఆమె మాట్లాడటం మొదలుపెట్టగానే అతను నెమ్మదిగా అటు తిరిగేది, వినే చెవి పైకి రావడానికి.